మబ్బులు తొడుక్కునే మహేంద్రగిరి

బారువ బీచ్‌కి వెళ్లినవాళ్లంతా సముద్రం వైపు తిరిగి కూర్చుంటారు. ఈసారి వెళ్తే ఒక్కసారి సముద్రానికి వీపు తిప్పి, పడమటి దిక్కుకు చూడండి. కొబ్బరిచెట్ల తలలకు పైన ముదురు నీలంగా ఒక పెద్ద కొండ కనిపిస్తుంది. పొద్దున్నే స్పష్టంగా ఉంటుంది. ఎండెక్కేకొద్దీ మసకబారుతుంది. వానాకాలమైతే నడుం పైభాగం అసలు ఉండదు... మబ్బులో మాయం!

అదే మహేంద్రగిరి. ఎత్తు 1501 మీటర్లు. అరకు లోయ కన్నా దాదాపు ఆరువందల మీటర్లు ఎక్కువ. అంత ఎత్తు కొండ, తిన్నగా గీత గీసి కొలిస్తే సముద్రానికి పాతిక కిలోమీటర్ల దూరంలోనే ఉంది. బంగాళాఖాతం మీంచి వచ్చే గాలికి ఈ తీరంలో మొదట అడ్డం నిలబడేది ఇదే. ఆ గాలిలోని తడిని పిండుకుని కిందికి వదిలేదీ ఇదే. ఇక్కడ పుట్టిన నీటికి మనవాళ్లు పెట్టుకున్న పేరు కూడా ఎంత ముచ్చటగా ఉందో చూడండి... మహేంద్రతనయ. మహేంద్రుడి కూతురు! ఆ పేరుతో ఒక ఏరు పర్లాకిమిడి మీదుగా వచ్చి వంశధారలో కలుస్తుంది. అదే పేరుతో ఇంకో ఏరు తూర్పు వాలు దిగి, మందస, సోంపేట పొలాలను తడుపుకుంటూ బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. అంటే బీచ్‌లో మీ కాళ్లను తాకి వెళ్లే నీళ్లలో కొంత ఆ నీలం కొండ మీంచి దిగొచ్చినదే.

పలాస, మందస, సోంపేట వైపు వాళ్లకి ఇది ఇంటి పెరట్లోని కొండ. దేవుడి కొండ. వాన వస్తుందో రాదో చూడ్డానికి తలెత్తి చూసే కొండ. తీరా మ్యాపు తెరిచి చూస్తే మాత్రం శిఖరం మన జిల్లాలో లేదు, మన రాష్ట్రంలోనే లేదు. ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంది. మన పర్యాటక పుస్తకాల్లో దానికి చోటు దక్కకపోవడానికి కారణం అదే. ఒడిశా వాళ్లకేమో రాజధాని నుంచి చాలా దూరం. ఇలా రెండు రాష్ట్రాల మధ్య, రెండిళ్ల చుట్టంలా ఉండిపోయింది మహేంద్రగిరి.

ఆ గీత 1936 నాటిది

మహేంద్రగిరి ఎప్పుడూ ఇలా అటు పక్కన లేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బ్రిటిష్ వాళ్లు అచ్చువేసిన గెజిటీర్ చూస్తే, మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా కొండగా ఇది కనిపిస్తుంది. ఎత్తు 4,923 అడుగులనీ, పైనుంచి సముద్రం చక్కగా కనపడుతుందనీ, శిఖరం దగ్గర ఒక బంగళా ఉందనీ అందులో రాశారు. తెల్లదొరలకు ఆరోగ్య విడిది కట్టాలన్న ఆలోచన కూడా ఒకప్పుడు నడిచిందట. అదే జరిగుంటే ఈపాటికి ఇక్కడ మాల్ రోడ్డు, బోటు షికారు, చాక్లెట్ దుకాణాలతో ఇంకో ఊటీ తయారై ఉండేది. జరగకపోవడమే మంచిదయింది!

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం జిల్లాలో ఎక్కువ భాగం అటు వెళ్లింది. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి ప్రాంతాలు ఇటు మిగిలాయి. శిఖరం అటు, తూర్పు పాదాలు ఇటు. ఆ గీత బాధపెట్టినవాళ్లలో మనందరికీ తెలిసిన ఒక పెద్దాయన ఉన్నారు. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. వాడుకభాష కోసం పోరాడిన మనిషిగానే ఆయన మనకు తెలుసు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటాం. కానీ ఆయన జీవితంలో సగం ఈ కొండలదే.

ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు, 1880లో పర్లాకిమిడిలో టీచరుగా చేరారు. సంతకు దిగి వచ్చే సవరలను చూశారు. వాళ్ల మాట ఎవరికీ అర్థం కాదు, వాళ్లను మోసం చేయని వ్యాపారి లేడు. ఆ మాట నేర్చుకోవాలనుకున్నారు. నేర్చుకోవడానికి పుస్తకం లేదు, లిపి లేదు. సవరలను దగ్గర పెట్టుకుని, మాట మాటా విని రాసుకుని, కొండలు, గూడేలు తిరిగారు. కొండజ్వరం పట్టుకుంది. దానికి మింగిన క్వినైన్ ఆయన వినికిడి శక్తిని పట్టుకుపోయింది. జీవితమంతా ఇతరుల మాట వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి చెవుడు! అయినా మానలేదు. సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లిషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. పర్లాకిమిడిని ఒరిస్సాలో కలపడాన్ని ఆయన గట్టిగా వ్యతిరేకించారు. కలిపేశాక ఐదు దశాబ్దాలకు పైగా బతికిన ఊరు వదిలేసి రాజమండ్రి వెళ్లిపోయారు. 1940లో కన్నుమూశారు.

చిత్రమేమిటంటే, అదే 1936లో ఇదే కొండల వరసలో మంగేయి గొమాంగో అనే సవర పెద్దాయన తన భాషకు సొంతంగా ఒక లిపి తయారుచేశారు. పేరు సోరంగ్ సోంపెంగ్. ఒక ఏడాదిలోనే మద్రాసు, ఒరిస్సాల మధ్య గీత పడింది. ఆ గీతతో పనిలేని మనుషులకు ఒక లిపి వచ్చింది.

అడుగు తీసి అడుగు...

మహేంద్రగిరి ఎక్కడానికి రెండు వైపుల నుంచీ దారులున్నాయి. పర్లాకిమిడి నుంచి కొయిన్‌పూర్ మీదుగా వాహనాలు వెళ్లే రోడ్డు ఉంది. జీపు ఎక్కి కూర్చుంటే మెలికలు తిరుగుతూ పైదాకా తీసుకెళ్తుంది. ఇంకోటి మనవైపు నుంచి... మందస మండలంలో కొండ దిగువనున్న సవర గూడేల మీదుగా ఎక్కే కాలిబాటలు. శివరాత్రికి వెళ్లే భక్తులు, సంతకు దిగే గిరిజనులు తరతరాలుగా నడిచి అరగదీసిన దారులివి. బోర్డులుండవు. బాణం గుర్తులుండవు. ఎక్కడ ఆంధ్రా అయిపోయి ఎక్కడ ఒడిశా మొదలయిందో చెప్పే రాయి కూడా కంటపడదు. దారి తెలిసిన మనిషి లేకుండా బయల్దేరితే మధ్యలో రెండుగా చీలిన బాట దగ్గర నిలబడి తెల్లమొహం వేయాల్సిందే.

జీపులో వెళ్లడం తప్పేం కాదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి అదే దిక్కు. కానీ ఈ కొండ అసలు సంగతి తెలియాలంటే మాత్రం నడవాలి. ఎందుకంటే మహేంద్రగిరి ఒక కొండ కాదు, ఒకదాని మీద ఒకటి పేర్చిన నాలుగైదు అడవులు!

మొదట జీడిమామిడి తోటలు. పలాస జీడిపప్పుకు మూలం ఇలాంటి నేలలే. అవి దాటాక ఇప్ప, చింత, పనస. ఆ తరవాత గుగ్గిలం చెట్లు. ఉత్తరాది వాళ్లు సాల్ అంటారే, ఆ చెట్టే. హిమాలయాల పాదాల దగ్గర మొదలై, జార్ఖండ్, ఒడిశాల మీదుగా దిగొచ్చే ఈ చెట్టు, దక్షిణాన మన ఉత్తరాంధ్ర కొండల దాకా వచ్చి ఆగిపోతుంది. మన ఇళ్లలో నిప్పుల మీద వేసి పొగ పెట్టే గుగ్గిలం దీని బంకే. చెట్టు మొదట్లో ఎండి గడ్డకట్టిన ముక్క దొరికితే వాసన చూడండి. పండగపూట దేవుడి గది గుర్తొస్తుంది.

చెట్లను చుట్టుకుని తాడులా పాకిన తీగ అడ్డాకు తీగ. రెండు రేకులు కలిసినట్టుండే దాని ఆకులే కుట్టి విస్తళ్లు చేస్తారు. ఇంకాస్త పైకెళ్తే జీలుగు చెట్లు. చేప తోకలాంటి ఆకులు, వేలాడే జడల్లాంటి గెలలు. వాటి కల్లు రుచి చూడాలనిపిస్తే చూడొచ్చుగానీ, దిగేటప్పుడు. ఎక్కేటప్పుడు వద్దు!

జనవరిలో వెళ్తే గూడేల్లో కొండచీపుళ్లు కట్టే పని కనిపిస్తుంది. వాకిట్లో కట్టలు కట్టలుగా ఆరబెట్టి ఉంటాయి. మన ఇంట్లో పండగకు బూజు దులిపే చీపురు ఇలాంటి వాలుమీద కోసి, నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చినదే. సామలు, రాగులు, కందులు, పసుపు, అనాస... ఏ గూడెంలో చూసినా ఇవే పంటలు. ఇంకా ఎంత దూరం అని అడిగి చూడండి. "ఇక్కడికే బాబూ" అంటారు. ఆ ఇక్కడికే వచ్చేసరికి మనకు రెండు గంటలు పడుతుంది. ఆపాటికి ఆ మాట చెప్పిన మనిషి పైకెళ్లి, పని చూసుకుని, ఎదురుగా దిగి వస్తుంటాడు.

సగం దూరం దాటాక గాలి మారుతుంది. చెమట ఆరిపోతుంది. చెట్ల మొదళ్ల మీద నాచు, కొమ్మల సందుల్లో ఆర్కిడ్ మొక్కలు, బండల నీడన ఫెర్న్‌లు. నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ఇలాంటి ఎత్తయిన తడి అడవుల్లో ఏముంటాయో మనకింకా పూర్తిగా తెలియదు. ఆంధ్ర, ఒడిశాల తూర్పు కనుమల్లో, సుమారు 1200 మీటర్ల ఎత్తున, మట్టిలో బతికే ఒక జీవిని శాస్త్రవేత్తలు 2013లో లోకానికి కొత్తగా పరిచయం చేశారు. చూస్తే వానపామే అనుకుంటాం. నిజానికి అది కప్పల బంధువు, కాళ్లు లేని ఉభయచరం. అప్పటిదాకా దానికి పేరు లేదు. మన కాలికింద మట్టిలో ఇంకా పేరు పెట్టనివి ఎన్నున్నాయో!

చివరి మలుపులో చెట్లు పలచబడి పొట్టివైపోతాయి. ఒక్కసారిగా గడ్డి. మోకాలెత్తు గడ్డి, గాలికి అలలు అలలుగా వంగుతూ. పొగమంచు లేని రోజయితే తూర్పున తెల్లటి గీతలా సముద్రపు ఒడ్డు కనిపిస్తుంది. ఉంటే మాత్రం పక్కనున్న మనిషి కూడా కనిపించడు. మేం వెళ్లినరోజు రెండూ చూపించింది. పావుగంట సముద్రం, పావుగంట తెల్లచీకటి.

భీముడి గుడి అంత చిన్నదా!

పైన గుళ్లున్నాయి. కుంతి గుడి, ధర్మరాజు గుడి, భీముడి గుడి అని పిలుస్తారు. భీముడి గుడి అనగానే కొండంత ఊహించుకుని వెళ్తాం. తీరా చూస్తే అన్నిట్లోకీ చిన్నది అదే! కానీ దగ్గరికెళ్లి రాళ్లు చూస్తే విషయం అర్థమవుతుంది. ఒక్కో రాయీ ఒక్కో గోడంత. ఇంత పెద్ద బండల్ని ఇంత ఎత్తున ఎవరు పేర్చారు అంటే, ఊరివాళ్లు ఇంకెవరి పేరు చెబుతారు! ఒక గుడి పిడుగుపడి బాగా దెబ్బతిందని బ్రిటిష్ గెజిటీర్‌లోనే ఉంది. ఎత్తున, ఏ అడ్డూ లేకుండా నిలబడ్డ గుళ్లకు పిడుగులే శత్రువులు.

కుంతి గుడిలోని స్వామి గోకర్ణేశ్వరుడు. శ్రీకాకుళం జిల్లా చరిత్రకు ఈ పేరు తల్లివేరు లాంటిది. ముఖలింగం గుళ్లు మనకు తెలుసు. వంశధార ఒడ్డున కళింగ నగరం రాజధానిగా ఏలిన తూర్పు గాంగుల కాలం నాటివి. ఆ రాజులు వేయించిన రాగిరేకుల శాసనాలు తిరగేస్తే, మొదట్లోనే మహేంద్రాచల శిఖరం మీద వెలసిన గోకర్ణస్వామికి నమస్కారం కనిపిస్తుంది. కింద రాజధాని, పైన ఇలవేల్పు. ముఖలింగం చూసి మహేంద్రగిరి చూడకపోతే సగం కథ విని లేచిపోయినట్టే.

గాంగులకే కాదు, దండెత్తి వచ్చినవాళ్లకూ ఈ కొండ ముఖ్యమే. తంజావూరు చోళరాజు రాజేంద్రుడు విమలాదిత్యుడనే రాజును ఓడించి, మహేంద్రగిరి మీద విజయస్తంభం నాటించాడని ఇక్కడి శాసనం చెబుతోంది. సంస్కృతంలో, తమిళంలో చెక్కారు. పక్కన చోళుల పులి, పాండ్యుల జంట చేపల గుర్తులు. వెయ్యేళ్ల కిందట కావేరి ఒడ్డు నుంచి వచ్చి, ఈ కొండెక్కి, రాయి చెక్కించుకుని దిగారన్నమాట. అంతకు చాలాముందే కాళిదాసు రఘువంశంలో రఘుమహారాజు దిగ్విజయాన్ని ఇదే కొండ మీదుగా నడిపించాడు. భారతంలో పరశురాముడు తపస్సు చేసుకునే చోటూ ఇదే. అరణ్యపర్వంలో ధర్మరాజు తమ్ముళ్లతో ఇక్కడికి వచ్చి ఆయన దర్శనం కోసం చతుర్దశి దాకా ఆగుతాడు. శివరాత్రి కూడా చతుర్దశే కదా. ఏటా ఆ రాత్రి వేలమంది రెండు రాష్ట్రాల నుంచీ కొండెక్కుతారు.

ఒక చిన్న సవరణ. ఇస్రో వాళ్లు రాకెట్ ఇంజన్లను పరీక్షించే మహేంద్రగిరి ఇది కాదు. అది తమిళనాట తిరునెల్వేలి జిల్లాలో ఉంది. భారత నౌకాదళం కోసం 2023 సెప్టెంబరు 1న ముంబయిలో జలప్రవేశం చేసిన యుద్ధనౌక మహేంద్రగిరికి మాత్రం ఈ కొండ పేరే పెట్టారు.

రాయి కూడా కథ చెబుతుంది

గుళ్లు వెయ్యి, పదిహేను వందల ఏళ్ల నాటివి. అవి నిలబడ్డ కొండ వయసు అంతకు ఎన్ని రెట్లో! తూర్పు కనుమల రాళ్లు సుమారు వందకోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో వేడికి, ఒత్తిడికి రూపం మార్చుకున్నవి. వాటిలో ఒక రకం రాయికి భూగర్భ శాస్త్రంలో ఖొండలైట్ అని పేరు. ఈ కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరది. పూరీ జగన్నాథుడి గుడి, కోణార్క్ సూర్యదేవాలయం కట్టింది ఎక్కువగా ఆ రాయితోనే.

అదే రాయి అరిగి ఏమవుతుందో చూడాలంటే భీమిలి వెళ్లాలి. విజయనగరం వాళ్లకు గంటలోపు ప్రయాణం. అక్కడి ఎర్రమట్టి దిబ్బలు, తూర్పు కనుమల నుంచి కొట్టుకొచ్చిన ఇసుకను వేలాది ఏళ్లుగా గాలి, నీరు పేర్చి, ఎరుపెక్కించి, గండ్లు కోసి చేసిన బొమ్మలు. 2014లో వాటిని జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించారు. 2025 సెప్టెంబరులో తిరుమల కొండలతో పాటు యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. అంత పేరొచ్చినా, చుట్టూ దిబ్బల్ని తవ్వి చదును చేస్తున్నారన్న వార్తలు మాత్రం ఆగలేదు. బిరుదు వేరు, కాపలా వేరు.

గీత ఎరగని ఏనుగులు

మహేంద్రగిరికీ ఒక బిరుదు వచ్చింది. 2022లో ఒడిశా ప్రభుత్వం ఈ కొండ మీద 4,250 హెక్టార్లను, అంటే పదివేల ఎకరాలకు పైగా అడవిని, జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద రాష్ట్రాలు ఇలా ప్రకటించవచ్చు. దేశంలో మొదటిది బెంగళూరు దగ్గరి నల్లూరు చింతతోపు, 2007లో. తెలంగాణలో 2016లో అమీన్‌పూర్ చెరువుకు ఆ గౌరవం దక్కింది. ఒడిశాలో కంధమాల్ జిల్లా మందసరు లోయ తరవాత రెండోది మహేంద్రగిరి.

సంతోషమే. కానీ ఒక రాష్ట్రం చేసిన ప్రకటన ఆ రాష్ట్రపు హద్దు దగ్గర ఆగిపోతుంది. కొండ ఆగదు. మందస వైపు వాలు అదే అడవి, అదే వాగు, అవే చెట్లు. ఇటువైపు నుంచి ఎక్కేవాడికి కొండ పాదం ఒక లెక్క, శిఖరం ఇంకో లెక్క.

గీత ఎరగనివాటిలో ఏనుగులు మొదటివి. ఒడిశాలోని లఖారీ లోయ అడవుల నుంచి 2007లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోకి ఏనుగులు దిగినప్పుడు ఇక్కడి రైతులకు వాటితో ఎలా మసలుకోవాలో తెలియదు. 2018లో మళ్లీ ఒక మంద వచ్చింది. మనుషులు చనిపోయారు. చెరకు, అరటి, వరి పోయాయి. 2023 మేలో భామిని మండలం కాట్రగడ దగ్గర నాలుగు ఏనుగులు కరెంటు తగిలి ఒకేచోట కూలిపోయాయి. అడవి తరిగి వాటికి దారి కరవైందా, మన పంటల రుచి మరిగి అవే వస్తున్నాయా అని వాదించుకోవచ్చు. అవి నడిచే నేల మాత్రం రెండు రాష్ట్రాలదీ.

తుపాన్లూ అంతే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు రాత్రికి రాత్రి నేలమట్టమయ్యాయి. ఆ దెబ్బ తీరంతో ఆగలేదు. గాలీవానా నేరుగా వెళ్లి ఈ కొండలకు తగిలాయి. గజపతి జిల్లాలో కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా గిరిజనులు చనిపోయారు. మహేంద్రతనయ, వంశధార పొంగి దిగువ ఊళ్లను ముంచాయి. పైనున్న అడవి ఎంత చిక్కగా ఉంటే వాన అంత నిదానంగా కిందికి దిగుతుంది. కొండ పాదాన ఉన్న రైతుకు పై అడవి పక్క రాష్ట్రం సంగతి కాదు, తన చేను సంగతి.

అడవి ఎవరిదన్న ప్రశ్న మందసకు కొత్తదేమీ కాదు. 1940లో మందస జమీందారీ రైతులు నాగళ్లకు, ఇళ్లకు అడవిలో కర్ర కొట్టుకునే హక్కు కోసం నిలబడ్డారు. గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులు జరిగాయి. నేలకొరిగినవాళ్లలో సాసుమాన గున్నమ్మ ఉంది. వీర గున్నమ్మగా ఆమె పేరు ఇక్కడ ఇప్పటికీ తలుచుకుంటారు. అందుకే అడవిని కాపాడటం అంటే చుట్టూ కంచె వేసి, గూడేల వాళ్లను బయటికి నెట్టడం అనుకుంటే ఈ గడ్డ మీద చెల్లదు. పోడు మంటలు వాలు మట్టిని కడిగేస్తాయన్నది నిజమే. చీపురుకట్ట అమ్మి, పసుపు అమ్మి బతికే మనిషికి అంతకన్నా మంచి దారి చూపించకుండా మంటపెట్టొద్దనడమూ అన్యాయమే.

మంచి దారి లేకపోలేదు. తూర్పు గోదావరి మన్యంలో మారేడుమిల్లికి వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. అక్కడ వన సంరక్షణ సమితులే అడవిలో బసలు నడిపి, తిండి పెట్టి, దారి చూపించి సంపాదించుకోవడం మొదలుపెట్టాయి. మహేంద్రగిరి తూర్పు వాలులో ఆ పని ఇంకా సులువు. దారులు ఇప్పటికే ఉన్నాయి. నడిపించే మనుషులు ఉన్నారు. సవర కుర్రాడు ఒకడు ముందు నడుస్తూ ఈ చెట్టు పేరేమిటో, ఈ అడుగుజాడ ఎవరిదో చెబుతుంటే నగరం పిల్లలు కన్నార్పకుండా వింటారు. దానికి రెండు రాష్ట్రాల అటవీ అధికారులు ఒక బల్ల చుట్టూ కూర్చుని ఒకే అనుమతి కాగితం ఇస్తే చాలు. కొత్త రోడ్డు ఒక్కటి మాత్రం వద్దు. రోడ్డు పడ్డ వైపు ఏం జరుగుతుందో పైన కనిపిస్తూనే ఉంది. మేం వెళ్లినప్పుడు గుడి వెనక గడ్డిలో నీళ్ల సీసాలు, పులిహోర పొట్లాల కాగితాలు, ఇంకా రంగు వదలని చిప్స్ కవర్లు. నడిచి వచ్చినవాడు మోత బరువని సగం సామాను ఇంటి దగ్గరే వదిలేస్తాడు. బండిలో వచ్చినవాడికి ఆ బాధ లేదు.

వెళ్తే ఇలా...

పలాస దాకా రైలు. హౌరా–చెన్నై మార్గంలో ముఖ్యమైన స్టేషన్ కాబట్టి రైళ్లకు లోటుండదు. అక్కడి నుంచి మందసకు బస్సులు, ఆటోలు. రోడ్డు దారి పట్టాలనుకుంటే పాతపట్నం మీదుగా పర్లాకిమిడి చేరాలి. నౌపడ నుంచి గుణుపూర్ వెళ్లే రైలు కూడా పర్లాకిమిడి మీదుగానే వెళ్తుంది. పర్లాకిమిడి రాజావారు 1900లో వేయించిన బుల్లి రైలుమార్గమది. ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయిపోయింది. బస చేయాలంటే పలాస లేదా పర్లాకిమిడి. పైన బస దొరుకుతుందని నమ్ముకుని వెళ్లొద్దు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అక్టోబరు తుపాన్ల నెల. మార్చి తరవాత ఎండ, పోడు పొగ, అడవి మంటలు. వానాకాలంలో కొండ అందంగా ఉంటుందిగానీ, బాట జారుతుంది, వాగులు ఉన్నట్టుండి పొంగుతాయి. శివరాత్రికి వెళ్తే జనం తోడుంటారు, అడవి మాత్రం కనిపించదు.

అటవీశాఖ అనుమతి, ఊళ్లోంచి దారి తెలిసిన ఒక మనిషి... ఈ రెండూ లేకుండా అడుగు ముందుకు వేయొద్దు. అతనికి ఇచ్చే కూలి ముందే మాట్లాడుకోండి, బేరమాడకండి. ఏనుగులు తిరుగుతున్నాయని గూడెంలో చెబితే నోరెత్తకుండా వెనక్కి తిరగండి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, స్వెటర్, టార్చిలైటు, పట్టు ఉన్న బూట్లు. సాయంత్రం ఐదు దాటితే మంచు కమ్ముకుంటుంది, దిగే బాట కనపడదు. పిల్లలతో వెళ్లేవాళ్లు జీపులో ఎక్కి, కింది సగం నడిచి దిగితే సరిపోతుంది. మోకాళ్లకు కష్టం, కళ్లకు పండగ.

తిరుగుదారిలో మందసలో ఆగి కోవా కొనుక్కోండి. ఆ ఊరి పేరు చెప్పి చాలాచోట్ల అమ్ముతారు, అసలు రుచి మాత్రం అక్కడిదే. పొట్లం పట్టుకుని బారువ వెళ్లి, ఏరు సముద్రంలో కలిసే చోట కూర్చోండి. జనవరి నుంచి మార్చి మధ్య అయితే రాత్రిపూట ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి. టార్చిలైటు వేయకండి, అవి బెదిరి వెనక్కి వెళ్లిపోతాయి. పొద్దుటిదాకా ఉండగలిగితే, ఎండెక్కకముందే పడమటికి తిరిగి చూడండి. మీరు ఎక్కి దిగిన కొండ, చివరికంటా కనిపిస్తుంది.